గాడిచర్ల హరిసర్వోత్తమరావు: ఆంగ్లవిద్య, ఆంధ్రసేవ

నల్లమల కొండలకు పడమట, కుందూనది ఒడ్డున నంద్యాల పట్టణమున్నది. దాని చుట్టును నవనందుల క్షేత్రములు కలవు. అచ్చటినుండి దక్షిణముగా పోయినచో ఆళ్లగడ్డ వచ్చును. ఆళ్లగడ్డ కావల కొండలలో అహోబిల నరసింహస్వామి వెలసియున్నాడు. ఈ రెండు ఊళ్ల నడుమ కనుచూపుమేర నల్లరేగడి పొలములు. జొన్న, కొఱ్ఱ, పత్తి అచ్చట తరతరములుగా పండుచున్న పైరులు. ఈ ప్రాంతమంతయు చిరకాలము కర్నూలు జిల్లాలో చేరియుండి, 2022లో నంద్యాల జిల్లాగా ఏర్పడినది.

నూట ఇరువది సంవత్సరములకు పూర్వము ఈ పల్లెలలో ఇంగ్లీషు తెలిసినవారు మిక్కిలి అరుదు. ఊరి కరణము లెక్కలు తెలుగులోనే వ్రాసెడివాడు. కాని జిల్లా కచ్చేరీకి పోయినచో పై అధికారుల ఉత్తరప్రత్యుత్తరములు ఇంగ్లీషులో జరిగెడివి. పెద్ద న్యాయస్థానములలో వాదములు, తీర్పులు ఇంగ్లీషులో నడచెడివి. రైలు కార్యాలయములలోను, తంతి కార్యాలయములలోను ఆ భాషయే రాజ్యమేలుచుండెను. తన పొలమును గూర్చిన తీర్పు తనకే అర్థము కాని భాషలో వెలువడగా, రైతు చేతులు కట్టుకొని నిలువబడి, దాని భావము చెప్పు దయామయుని కొఱకు ఎదురు చూడవలసి వచ్చెడిది.

ఇట్టి సీమలో పుట్టి, పేదరికముతో పోరాడి, ఇంగ్లీషు చదువులో ఆనాటికి అందదగిన శిఖరమును అందుకొని, ఆ చదువు ఈయగల ఉద్యోగములన్నియు పోగొట్టుకొని, చదువును మాత్రము పోగొట్టుకొనక తెలుగువారికి ధారపోసిన మహనీయులు శ్రీ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు.

హరిసర్వోత్తమరావుగారు 1883వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన కర్నూలులో జన్మించిరి. వారి తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. వారి పూర్వులు కడప జిల్లాలోని సింహాద్రిపురమునకు చెందినవారు. ఆ కుటుంబమున కలిమి లేదు. కుమారుని చదివించుట వారికి సులభమైన పని కాదు. బాలుని చదువు ఒక్క ఊరిలో సాగలేదు. కర్నూలులో మొదలై, కొండకోటకు ప్రసిద్ధిచెందిన గుత్తిలోను, పిమ్మట నంద్యాలలోను కొనసాగినది.

ఆ కాలపు చదువు ఎట్లుండెడిదో తెలిసికొనినగాని ఆయన శ్రమ మనకు బోధపడదు. 1835లో మెకాలే సలహాపై గవర్నరు జనరలు బెంటింకు ప్రభుత్వము ఇంగ్లీషు విద్యకు ప్రాధాన్యమిచ్చెను. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలసెను. మెట్రిక్యులేషను, ఎఫ్.ఏ., బి.ఏ. అని పరీక్షలు మెట్లవలె ఏర్పడెను. ఒక్కొక్క మెట్టు ఎక్కినవానికి ఒక్కొక్క అంతస్తు ఉద్యోగము. పై తరగతులలో చరిత్రము, గణితము, ప్రకృతిశాస్త్రము మొదలగునవన్నియు ఇంగ్లీషులోనే బోధించెడివారు. కావున ఇంగ్లీషు కుదురనివాడు ఆ యొక్క విషయమున మాత్రమే కాక అన్ని విషయములందును వెనుకబడవలసినదే.

ఇంటిలోను, వీధిలోను ఆ భాష వినబడదు. బడిలో ఉపాధ్యాయుడు చదివినది విని, పలుకుబడి పట్టుకొనవలెను. పాఠములోని మాటలకు అర్థములు వ్రాసికొని వల్లెవేయవలెను. తెలుగు వాక్యమును ఇంగ్లీషులోనికి, ఇంగ్లీషు వాక్యమును తెలుగులోనికి మార్చి, ఉపాధ్యాయునికి చూపి తప్పులు దిద్దించుకొనవలెను. తెలుగు వాక్యమున క్రియ చివర వచ్చును; ఇంగ్లీషున కర్త వెంటనే వచ్చును. ఈ భేదము మనసునకు పట్టువరకు వ్రాసిన వాక్యమునే మరల మరల వ్రాయవలెను. ఈ సాధనకు ధనము కంటె ఓర్పు ముఖ్యము. ధనము లేని ఇంటి బాలునకు ఓర్పే పెట్టుబడి.

హరిసర్వోత్తమరావుగారు ఆ పెట్టుబడితో ముందునకు సాగిరి. ప్రతిభను చూపి ఉపకార వేతనములు సంపాదించి, వాని సాయముతో పై చదువులకు మద్రాసు చేరిరి. 1906లో ఎం.ఏ. పట్టమును పొందిరి. ఆంధ్రులలో ఎం.ఏ. చదివినవారు ఆనాడు బహుకొద్దిమంది. బి.ఏ. ప్యాసైనవానినే ఊరివారు వింతగా చూచు దినములవి. అట్టి సమయమున ఎం.ఏ. పట్టము కలవానికి ప్రభుత్వపు కొలువు తలుపు తట్టకయే తెరచుకొనును. జీతము, గౌరవము, వృద్ధాప్యమున పింఛను, అన్నియు చేతికందు దూరముననే ఉండెను. ఎన్నో ఏండ్లు ఇబ్బందులు పడిన కుటుంబమునకు అది ఎంత ఊరటయో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ దినములలోనే తెలుగునాట ఒక మంచి ప్రయత్నము జరిగెను. 1906లో హైదరాబాదున విజ్ఞాన చంద్రికా మండలి అను సంస్థ వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు దానికి ప్రాణము వంటివారు. చరిత్రము, ప్రకృతిశాస్త్రము, మహాపురుషుల జీవితములు మొదలగు విషయములపై తెలుగున పుస్తకములు వ్రాయించి, తక్కువ వెలకు అందించుట ఆ మండలి ఉద్దేశము. హరిసర్వోత్తమరావుగారు అందు పాల్గొని, అమెరికా దేశాధ్యక్షుడైన అబ్రహాము లింకను జీవితచరిత్రమును తెలుగున వ్రాసిరి. మండలి తొలి ప్రచురణములలో అది యొకటి.

లింకను 1809లో కెంటకీ రాష్ట్రమున ఒక దుంగల గుడిసెలో పుట్టెను. అన్ని దినములను కూడినను ఒక సంవత్సరమునకు మించని బడిచదువు ఆయనది. ఇరుగుపొరుగు వారిని అడిగి తెచ్చుకొన్న పుస్తకములతో చదువుకొనెను. తనంతట తాను న్యాయశాస్త్రము నేర్చి న్యాయవాది ఆయెను. 1861లో దేశాధ్యక్షుడై, 1863లో బానిసల విముక్తి ప్రకటనము చేసెను. 1865లో హంతకుని గుండుకు బలియాయెను. ఇట్టివాని కథ ఇంగ్లీషు పుస్తకములలో ఉన్నంతవరకు అది ఇంగ్లీషు తెలిసిన కొద్దిమంది సొత్తు. తెలుగులోనికి వచ్చిన తరువాత అది అక్షరము వచ్చిన ప్రతి పేదబాలుని సొత్తు. ఇంగ్లీషు చదువునకు ఉద్యోగము కాక వేరొక ప్రయోజనము గలదని హరిసర్వోత్తమరావుగారి కలము నిరూపించిన మొదటి సందర్భమిది.

ఎం.ఏ. పిమ్మట ఆయన ఉపాధ్యాయ శిక్షణకై రాజమహేంద్రవరమునకు పోయిరి. అది 1907వ సంవత్సరము. బంగాళమును రెండుగా విభజించినందుకు దేశమంతట అలజడి చెలరేగియుండెను. వందేమాతర నినాదము ఊరూర మార్మ్రోగుచుండెను. ఆ యేప్రిలు మాసమున బంగాళ నాయకుడైన బిపిన్ చంద్రపాలుగారు ఆంధ్రదేశమున పర్యటించుచు రాజమహేంద్రవరమునకు వచ్చిరి.

ఆ సభలలో జరిగిన సంగతి యొకటి గమనింపదగినది. పాలుగారి మాతృభాష బంగాళీ, వినవచ్చినవారిది తెలుగు. పాలుగారు ఇంగ్లీషున ప్రసంగించిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు ఆ ప్రసంగములను వెంటవెంటనే తెలుగున వినిపించిరి. దేశపు ఒక మూలనుండి వేరొక మూలకు భావమును మోసికొని వచ్చినది ఇంగ్లీషు. దానిని జనుల హృదయములలోనికి దింపినది తెలుగు. రెండు భాషలును చేయి కలిపినందువలననే ఆ పని నెరవేరెను. ఏ యొక్కటి లేకున్నను అది సగములో ఆగిపోయెడిదే.

పాలుగారి ప్రసంగములు విద్యార్థులను కదిలించినవి. వారు వందేమాతరము అను మాట గల పతకములను ధరించి తరగతులకు పోయిరి. కళాశాలాధ్యక్షుడు మార్కు హంటరు అను ఆంగ్లేయుడు. ఆయన దానిని ధిక్కారముగా భావించెను. విద్యార్థులు పలువురు శిక్షకు పాత్రులైరి. వారిలో ముఖ్యులు హరిసర్వోత్తమరావుగారు.

ఇచ్చట మనము కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఆ పతకము చిన్న వస్తువు. దానిని తీసి జేబులో వేసికొన్నచో శిక్షణ పూర్తియగును, ఉద్యోగము లభించును, కుటుంబపు కష్టములు తీరును. కర్నూలులోను, గుత్తిలోను, నంద్యాలలోను, మద్రాసులోను అనేక సంవత్సరములు పడిన శ్రమకు ఫలము చేతికి వచ్చును. తీయనిచో ఆ ఫలమంతయు జారిపోవును. ఎం.ఏ. చదివినవానికి ఈ లెక్క తెలియకపోదు. అయినను ఆయన వెనుదీయలేదు. కళాశాలనుండి వెడలగొట్టబడిరి. ప్రభుత్వోద్యోగమునకు ఆయన అర్హుడు కాడని కూడ ఉత్తరువైనది. ఏ కొలువు కొఱకు నాటి యువకులు ఇంగ్లీషు నేర్చుచుండిరో, ఆ కొలువు ద్వారము ఆయనకు మూతబడెను.

ద్వారము మూసినవారు పదవిని మాత్రమే తీసివేయగలిగిరి. నేర్చిన విద్యను తీసివేయుట ఎవరి తరము? హరిసర్వోత్తమరావుగారు 1908లో విజయవాడనుండి స్వరాజ్య అను తెలుగు పత్రికను నడపసాగిరి. ఇంగ్లీషు పత్రికలవలన తెలియవచ్చు దేశవార్తలను, ప్రపంచ రాజకీయములను, ప్రభుత్వపు చర్యలలోని మంచిచెడ్డలను తెలుగు పాఠకులకు విప్పిచెప్పుట ఆ పత్రిక పని. ఇంగ్లీషు చదివినవారు ప్రభుత్వమునకు గుమాస్తాలగుట పాలకులకు సమ్మతమే. అదే ఇంగ్లీషు చదివి, ప్రభుత్వమును తూచి, ఆ తూకమును తెలుగున ప్రకటించుట మాత్రము వారికి సహింపరాని దాయెను.

ఆ యేడు మార్చిలో దక్షిణదేశమున చిదంబరం పిళ్లెగారిని నిర్బంధించినందుకు తిరునల్వేలిలో అల్లరులు చెలరేగెను. పోలీసులు కాల్పులు జరుపగా కొందరు మరణించిరి. ఆ దుండగమును గర్హించుచు స్వరాజ్య పత్రికలో విపరీతబుద్ధి అను శీర్షికతో వ్యాసము వెలువడెను. ప్రభుత్వము దానిని రాజద్రోహముగా పరిగణించి హరిసర్వోత్తమరావుగారిపై అభియోగము తెచ్చెను. ఆయనకు మూడు సంవత్సరముల కారాగార శిక్ష పడెను. తెలుగువారిలో తొలి రాజకీయ ఖైదీగా ఆయనను చెప్పుకొందురు.

రాజకీయ ఖైదీలకు ప్రత్యేక మర్యాదలు ఆ కాలమున లేవు. దొంగలు, హంతకులు ఉండుచోటనే ఆయనను ఉంచిరి. ఎం.ఏ. పట్టము ధరించిన దేహమునకు ఖైదీ దుస్తులు, సంకెలలు వచ్చెను. విశ్వవిద్యాలయమున పొందిన గౌరవమంతయు వెల్లూరు చెరసాల గోడల నడుమ అణగిపోయినట్లు తోచినది. ఆయన ధైర్యము మాత్రము అణగలేదు.

విడుదలయైన పిమ్మటను సుఖము లేదు. చెరసాలనుండి వచ్చినవానికి ఆశ్రయమీయుటకు పలువురు జంకిరి. అట్టి సమయమున విజ్ఞాన చంద్రికా మండలి మిత్రులు, ముఖ్యముగా మద్రాసున ఉన్న లక్ష్మణరావుగారు, ఆయనను ఆదరించిరి. ఆయన మరల కలము పట్టిరి. 1914లో కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు ఆంధ్రపత్రికను మద్రాసున దినపత్రికగా ఆరంభించిరి. హరిసర్వోత్తమరావుగారు కొంతకాలము దానికి సంపాదకులుగా పనిచేసిరి. అది మొదటి ప్రపంచయుద్ధ కాలము. ఐరోపా రణరంగముల వార్తలు తంతి మూలమున ఇంగ్లీషులో వచ్చెడివి. వానిని రాత్రికి రాత్రి తెలుగున వ్రాసి, తెల్లవారునప్పటికి పాఠకునకు అందింపవలెను. తెలుగున అంతవరకు లేని మాటలకు సమమైన మాటలు కూర్పవలెను. బాల్యమున బడిలో చేసిన అనువాద సాధన ఇచ్చట అక్కరకు వచ్చెను. స్త్రీల కొఱకు సౌందర్యవల్లి అను పత్రికను కూడ ఆయన నడపిరి.

అయినను ఒక లోటు మిగిలియుండెను. పత్రిక ఎంత మంచిదైనను చదువురానివానికి అది తెల్లకాగితమే. 1901 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున నూటికి ఆరుగురైనను అక్షరాస్యులు లేరు. ఇంగ్లీషులోని జ్ఞానమును తెలుగున వ్రాసినంత మాత్రమున పని ముగియలేదు. తెలుగు చదువగలవారిని కూడ తయారుచేయవలసియుండెను. కావున హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమును, వయోజన విద్యను తమ శేషజీవితమునకు వ్రతముగా గైకొనిరి.

1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలగువారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసియుండెను. హరిసర్వోత్తమరావుగారు ఆ సంఘమునకు అనేక సంవత్సరములు అధ్యక్షులైరి. ఊరూర పుస్తకములు ఉండవలెనని, వయసు మీరినవాడు కూడ రాత్రిపూట అక్షరములు దిద్దవలెనని ఆయన జీవితాంతము పాటుపడిరి. పుస్తకమును వెదకుకొని పాఠకుడు వచ్చువరకు ఆగక, పాఠకుని వెదకుకొని పుస్తకమే పోవలెనను పట్టుదల ఆ ఉద్యమకారులది. 1935లో కృష్ణా కాలువపై పడవలో గ్రంథాలయము నడచినది. ఇట్టి కృషి ఫలముగా 1948లో మద్రాసు రాష్ట్రమున పౌర గ్రంథాలయముల చట్టము వచ్చెను. గ్రంథాలయములను నడపుట దాతల దయగా కాక ప్రభుత్వపు బాధ్యతగా మారెను.

ఇంత పెద్ద రంగమున పనిచేసినను ఆయన తమ సీమను మరువలేదు. 1927లో మద్రాసు శాసన మండలికి తమ ప్రాంతపు ప్రతినిధిగా ఎన్నికైరి. 1800లో నిజాము ఈ మండలములను ఆంగ్ల కంపెనీకి ఇచ్చివేసినందున వీనికి దత్తమండలములను పేరు కలిగియుండెను. ఇచ్చివేయబడినవి యను ఆ పేరు ఇచ్చటివారికి చిన్నతనముగా తోచెడిది. 1928 నవంబరులో ఆంధ్ర మహాసభ నంద్యాలలో జరిగెను. ఆ సందర్భముననే దత్తమండలములను మాట విడిచి రాయలసీమ అను పేరు గైకొనిరి. ఆ పేరును సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారని కొందరును, హరిసర్వోత్తమరావుగారని కొందరును చెప్పుదురు. ఆ సీమ గౌరవము కొఱకు పాటుపడిన పెద్దలలో ఇరువురును లెక్కింపదగినవారే. బాల్యమున తాము చదువుకొన్న నంద్యాలలోనే తమ సీమకు క్రొత్త పేరు వచ్చుట హరిసర్వోత్తమరావుగారి జీవితమున ఒక మంచి ఘట్టము.

1947లో దేశము స్వతంత్రమాయెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడగా, ఆయన పుట్టిన కర్నూలు పట్టణమే దానికి రాజధాని ఆయెను. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించెను. ఈ మార్పులన్నియు కన్నులార చూచి, హరిసర్వోత్తమరావుగారు 1960 ఫిబ్రవరి 29వ తేదీన తనువు చాలించిరి. అప్పటికి ఆయన వయస్సు డెబ్బదియారు సంవత్సరములు.

ఆయన జీవితమును సరిగా చదివినచో ఇంగ్లీషు భాషను గూర్చి రెండు పొరపాటు తలపులు మనకు తొలగును. ఇంగ్లీషు నేర్చుట ఉద్యోగము కొఱకే యనునది మొదటిది. ఆయనకు ఉద్యోగము పోయినను ఇంగ్లీషు చదువు నిష్ఫలము కాలేదు. దాని మూలముననే ఆయన లింకనును ఎరిగిరి. ప్రపంచ వార్తలను ఎరిగిరి. తమ్ము పాలించువారి గ్రంథములు చదివి వారి తప్పును వారి మాటలతోనే తూచగలిగిరి. దేశాభిమానము గలవాడు ఇంగ్లీషును విడువవలెననునది రెండవ పొరపాటు. ఆయన విడిచినది పరుల కొలువునే కాని పరభాషను కాదు.

ఆళ్లగడ్డలో శిల్పుల పనిని చూచినవారికి ఈ సంగతి సులభముగా తెలియును. ఆ యూరి శిల్పులు చెక్కిన విగ్రహములు దూరదేశముల గుడులకు పోవుచున్నవి. ఉలి ఎచ్చటిదైనను కావచ్చును. అది పదునైనదిగా ఉండవలెను. దానిని పట్టుట సాధనచే రావలెను. కాని చెక్కవలసిన రాయి మనది; రూపము శిల్పి మనసులోనిది. ఉలిని చూచి మురిసి రాతిని మరచినవాడు శిల్పి కాడు. ఉలి పరాయిదని పారవేసినవాడును శిల్పి కాడు.

నంద్యాల ఆళ్లగడ్డ ప్రాంతముల విద్యార్థులు నేడు ఇంగ్లీషు నేర్చుచున్నారు. ఉన్నత విద్య కొఱకు, మంచి ఉద్యోగము కొఱకు, పరదేశములకు పోవుట కొఱకు వారు పడు శ్రమ మెచ్చదగినదే. పేదయింటి బాలుడు చదువువలన పైకి వచ్చుట కంటె శుభమేమున్నది? ఒక్కటి మాత్రము మరువరాదు. తాను ఎక్కిన నిచ్చెనను తనతోపాటు పైకి లాగుకొనక, క్రింద ఉన్నవారికి అందించినవాని చదువే చదువు. హరిసర్వోత్తమరావుగారు ఆ నిచ్చెన చివరి మెట్టుదాక ఎక్కిరి. అచ్చటనున్న పీఠమును కాదని దిగివచ్చి, తమ జీవితమంతయు దానిని పదిమందికి పట్టియుంచిరి.